కాపాడితే వచ్చింది... ఎదిరిస్తే పోయింది!

రాజు ప్రాణం కాపాడినందుకు బహుమతిగా దక్కిన ఊరు అది. నియంత ప్రాణం తీయాలనుకున్నందుకు చేజారిన ఇల్లూ అక్కడే ఉంది. రెండు వందల ఏళ్లలో ఆ ఊరికి పేరు మారింది, దొర మారాడు, జెండా మారింది. ఇల్లు మాత్రం ఉన్నచోటే ఉంది. జర్మనీ రాజధాని బెర్లిన్‌కి తూర్పున, కారులో గంటకు కాస్త పైగా వెళ్తే వచ్చే నాయ్‌హార్డెన్‌బర్గ్ కథ ఇది.

జర్మనీలో కోట అనగానే కొండ కొమ్మున బురుజులూ కందకాలూ గుర్తొస్తాయి. నాయ్‌హార్డెన్‌బర్గ్ అలాంటిది కాదు. జర్మన్లు 'ష్లాస్' అని పిలిచే పల్లెటూరి దివాణం. మన గడీల్లాగా ఊరి మధ్యే ఉంటుంది. తెల్లటి గోడలు, రెండంతస్తుల పొడవాటి భవనం, ముందు పచ్చిక మైదానం, వెనక పెద్ద తోట, పక్కనే చర్చి. యుద్ధం కోసం కట్టిన ఆనవాలు ఒక్కటీ కనిపించదు. కానీ ఆ ఇంటి చరిత్రలో ప్రతి మలుపూ ఏదో ఒక యుద్ధంతోనే ముడిపడి ఉంది.

ఓడిన రాజు... గెలిచిన సైనికుడు

ఆ ఊరి పాత పేరు క్విలిట్స్. ప్రష్యా రాజ్యంలో ఓడర్ నది దాపున ఉన్న మామూలు పల్లె. దాని దశ తిరగడానికి కారణం ఒక ఓటమి.

1759 ఆగస్టు 12. ప్రష్యాను ఏలుతున్న రెండో ఫ్రెడరిక్, అంటే చరిత్ర 'ఫ్రెడరిక్ ది గ్రేట్' అని పిలిచే రాజు, కూనర్స్‌డార్ఫ్ దగ్గర రష్యా, ఆస్ట్రియా సేనలతో తలపడ్డాడు. ఆయన జీవితంలోకెల్లా ఘోరమైన ఓటమి అదే. సైన్యంలో మూడోవంతుకు పైగా ఆ ఒక్కరోజే పోయింది. రాజు ఎక్కిన గుర్రాలు రెండు కూలిపోయాయి. శత్రువుల గుర్రపు దళం చుట్టుముడుతున్న సమయంలో యోఆఖిమ్ బెర్న్‌హార్డ్ ఫాన్ ప్రిట్‌విట్స్ అనే అధికారి కొద్దిమంది ఆశ్వికులతో దూసుకొచ్చి, రాజును అక్కణ్నుంచి బయటపడేశాడు.

యుద్ధం 1763లో ముగిసింది. ప్రాణం నిలబెట్టిన మనిషిని రాజు మరచిపోలేదు. క్విలిట్స్ జమీను ఆయనకు రాసిచ్చాడు. ప్రిట్‌విట్స్ అక్కడ ఒకే అంతస్తుతో ఓ దివాణం కట్టించుకున్నాడు. రాజు చనిపోయాక, 1792లో తోటలో ఆయన జ్ఞాపకంగా పాలరాతి స్మారకం పెట్టించాడు. ఒకవైపు యుద్ధదేవుడు మార్స్, మరోవైపు విద్యాదేవత మినర్వా విచారంగా నిలబడి ఉంటారు. పెద్ద నగరాల్లో ఫ్రెడరిక్‌కి భారీ విగ్రహాలు వెలిసింది ఆ తరవాతే. తొలి స్మారకాల్లో ఒకటి మాత్రం ఈ పల్లెలోనే ఉంది!

కాలిన ఊరికి కుర్ర శిల్పి

1801లో ఊరు తగలబడింది. మళ్లీ కట్టే పని ఓ ఇరవై ఏళ్ల కుర్రాడి చేతికొచ్చింది. పేరు కార్ల్ ఫ్రెడరిక్ షింకెల్. తరవాతి రోజుల్లో బెర్లిన్‌ రూపురేఖల్నే మార్చేసిన వాస్తుశిల్పి ఆయన. ఆనాటికి ఆయన పేరు ఎవరికీ తెలియదు. మధ్యలో విశాలమైన పచ్చిక, దానికి అటూ ఇటూ వరసగా ఇళ్లు... ఇవాళ ఊళ్లోకి అడుగుపెట్టగానే కనిపించే తీరు ఆనాటిదే. చర్చి కూడా షింకెల్ గీసిందే.

ఈలోగా జమీను తిరిగి ప్రభుత్వం చేతికి వచ్చింది. 1814లో ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం దాన్ని మరొకరికి బహుమతిగా ఇచ్చాడు. ఈసారి అందుకున్నది సైనికుడు కాదు, మంత్రి. ఆయన కార్ల్ ఆగస్ట్ ఫాన్ హార్డెన్‌బర్గ్, ప్రష్యా ఛాన్సలర్. నెపోలియన్ దెబ్బకు కుప్పకూలిన రాజ్యాన్ని సంస్కరణలతో మళ్లీ నిలబెట్టినవాడు. ఇష్టమైన వృత్తి చేసుకునే స్వేచ్ఛను జనానికిచ్చాడు. యూదులను ప్రష్యా పౌరులుగా గుర్తించిన 1812 నాటి శాసనం ఆయన హయాంలో వచ్చిందే. వాళ్లకు అన్ని హక్కులూ దక్కలేదు కానీ, అప్పటిదాకా పరాయివాళ్లుగా బతికినవాళ్లకు అది పెద్ద మార్పు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే, నూటముప్ఫై ఏళ్ల తరవాత అదే ఇంట్లో మళ్లీ ఈ ప్రస్తావన వస్తుంది.

1815 నుంచి క్విలిట్స్ కాస్తా 'కొత్త హార్డెన్‌బర్గ్', అంటే నాయ్‌హార్డెన్‌బర్గ్ అయింది. ఛాన్సలర్‌గారు షింకెల్‌నే పిలిపించి, 1820ల మొదట్లో దివాణానికి పైఅంతస్తు వేయించారు. తోట పని పీటర్ యోసెఫ్ లెన్నే చూసుకున్నాడు. తోటలంటే ప్రాణమిచ్చే అల్లుడు పూక్లర్ దొర కూడా ఓ చెయ్యి వేశాడు. తిన్నటి దారులూ కత్తిరించిన పొదలూ కాకుండా, వంపులు తిరిగే బాటలూ నీటి మడుగులూ గుంపులుగా చెట్లూ ఉండేలా తీర్చిదిద్దారు. చూసేవాళ్లకు అది మనిషి వేసిన తోటలా కాక, సహజంగా ఏర్పడిన అడవంచులా అనిపిస్తుంది.

అంత ముచ్చటపడి కట్టించుకున్న ఇంట్లో ఆయన ఎక్కువకాలం ఉండలేదు. 1822 నవంబరులో ఇటలీలోని జెనోవాలో కన్నుమూశారు. ఆయన గుండెను మాత్రం విడిగా భద్రపరిచారు. ఊరి చర్చిలో, బలిపీఠం వెనక అది ఇప్పటికీ ఉంది.

విమానంలోంచి చూసిన దృశ్యం

వంద సంవత్సరాలు గడిచాయి. 1921లో ఆ ఎస్టేటు వంశంలోని కార్ల్ హాన్స్ ఫాన్ హార్డెన్‌బర్గ్ చేతికి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన సైనికాధికారి. పాతకాలపు దొర. రాజభక్తి, దైవభక్తి, వ్యవసాయం... ఆయన లోకం అంతే. హిట్లర్ అంటే మాత్రం ఆయనకు మొదటి నుంచీ గిట్టదు.

రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యాక ఆయన మళ్లీ సైన్యంలో చేరి, రష్యా మీదికి దండెత్తిన సేనాని ఫాన్ బాక్‌కి సహాయకుడిగా పనిచేశారు. 1941 శరదృతువులో ఓ రోజు విమానంలో వెళ్తున్నారు. కింద బెలారుస్‌లోని బోరిసోవ్ పట్టణం. అక్కడ వేలమంది యూదులను ఊచకోత కోస్తున్నారు. ఆ దారుణాన్ని ఆయన కళ్లారా చూశారు. ఎవరిని పౌరులుగా గుర్తిస్తూ తన వంశంలోని పెద్దాయన శాసనం తెచ్చారో, ఆ జాతినే తన దేశపు తుపాకులు తుడిచిపెడుతున్నాయి.

ఆ తరవాత ఆయన వెనక్కి చూడలేదు. హిట్లర్‌ని తప్పించాలనుకుంటున్న అధికారులతో చేయి కలిపారు. నాయ్‌హార్డెన్‌బర్గ్ దివాణం వాళ్లు కలుసుకునే చోటైంది. బెర్లిన్‌కి దగ్గర. దొరగారింటికి చుట్టాలూ స్నేహితులూ రావడం మామూలే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. హిట్లర్ మీద బాంబు పెట్టిన స్టాఫెన్‌బర్గ్ కూడా ఆ ఇంటికి వచ్చిన అతిథే. కుట్ర ఫలిస్తే బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్ ప్రాంతాల పాలన హార్డెన్‌బర్గ్‌గారికి అప్పగించాలని అనుకున్నారు.

1944 జులై 20. తూర్పు ప్రష్యాలోని హిట్లర్ స్థావరంలో బాంబు పేలింది. నలుగురు చనిపోయారు, హిట్లర్ మాత్రం బతికిపోయాడు. ఆ రాత్రే బెర్లిన్‌లో స్టాఫెన్‌బర్గ్‌నీ మరో ముగ్గురినీ కాల్చి చంపారు. ఆ ముగ్గురిలో ఒకరు వెర్నర్ ఫాన్ హెఫ్టెన్. ఉదయం స్టాఫెన్‌బర్గ్‌తో పాటు విమానంలో వెళ్లిన కుర్ర అధికారి ఆయనే. హార్డెన్‌బర్గ్‌గారి అమ్మాయి రైన్‌హిల్డ్‌కీ ఆయనకూ పెళ్లి నిశ్చయమై ఉంది. అప్పటికి ఆ అమ్మాయికి ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు.

నాలుగు రోజుల తరవాత రహస్య పోలీసులు దివాణం గుమ్మంలోకి వచ్చారు. చిత్రహింసల్లో స్నేహితుల పేర్లు బయటపెట్టేస్తానేమోనన్న భయంతో కార్ల్ హాన్స్ తుపాకీతో కాల్చుకున్నారు. తీవ్రంగా గాయపడ్డారు కానీ ప్రాణం పోలేదు. ఆ తరవాత సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. ఆస్తి మొత్తం నాజీ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1945 ఏప్రిల్‌లో శిబిరం సోవియట్ సేనల అధీనంలోకి వచ్చేదాకా ఆయన అక్కడే ఉన్నారు.

దొర పేరు పోయి... మార్క్స్ పేరు వచ్చి...

ప్రాణాలతో బయటపడ్డారు కాబట్టి ఇల్లు కూడా తిరిగొచ్చిందనుకుంటే పొరపాటే!

1945 ఏప్రిల్ మధ్యలో బెర్లిన్ దిశగా దూసుకెళ్తున్న సోవియట్ సైన్యానికీ జర్మన్లకూ మధ్య భీకరమైన పోరు జరిగింది ఇక్కడికి దగ్గర్లో ఉన్న సీలో గుట్టల మీదే. యుద్ధం ముగిశాక ఈ ప్రాంతమంతా సోవియట్ పాలన కిందికి వచ్చింది. ఆ శరదృతువులోనే భూసంస్కరణ మొదలైంది. వంద హెక్టార్లు, అంటే రమారమి 250 ఎకరాలు దాటిన ఎస్టేట్లన్నిటినీ పరిహారం ఇవ్వకుండా తీసేసుకున్నారు. జమీందార్ల భూమి రైతుల చేతికి రావాలన్నది నినాదం. తరతరాలుగా దొరల పొలాల్లో చెమటోడ్చినవాళ్లకు అది న్యాయంగానే తోచింది. అయితే, దొరల్లో ఎవరు నాజీల పక్షాన నిలబడ్డారు, ఎవరు ఎదిరించారు అన్న తేడా ఆ చట్టం చూడలేదు. విస్తీర్ణం ఒక్కటే కొలత. నాజీలకు ఎదురు తిరిగి ఆస్తి పోగొట్టుకున్న మనిషికి, నాజీలు పోయాక కూడా అది దక్కలేదు.

కార్ల్ హాన్స్ కుటుంబంతో పశ్చిమ జర్మనీ చేరుకున్నారు. హిట్లర్‌కి వ్యతిరేకంగా కుట్ర చేసి ప్రాణాలు కోల్పోయిన వాళ్ల భార్యాపిల్లలు చాలామంది దిక్కులేకుండా మిగిలారు. 'దేశద్రోహుల కుటుంబాలు' అన్న నింద యుద్ధం ముగిశాక కూడా వాళ్లను వదల్లేదు. వాళ్లకోసం ఏర్పడిన సహాయ సంస్థ వ్యవస్థాపకుల్లో కార్ల్ హాన్స్ ఒకరు. నాయ్‌హార్డెన్‌బర్గ్‌కి మళ్లీ యజమానిగా తిరిగి వెళ్లకుండానే 1958లో కన్నుమూశారు.

ఇక ఊరి సంగతి. దొర పేరుతో ఊరేమిటని 1949లో పేరు మార్చేశారు. కొత్త పేరు మార్క్స్‌వాల్డె, అంటే మార్క్స్ అడవి! దివాణం బడిగా మారింది. షింకెల్ గీసిన గదుల్లో పిల్లలు పాఠాలు వల్లెవేశారు. రైతులకు పంచిన భూములు కూడా ఎక్కువకాలం విడివిడిగా ఉండలేదు. 1960 నాటికి తూర్పు జర్మనీ అంతటా పొలాలను సహకార క్షేత్రాల్లో కలిపేశారు.

ఊరి పక్కనే పెద్ద సైనిక విమానాశ్రయం వెలిసింది. తూర్పు జర్మనీ పెద్దలు తిరిగే ప్రభుత్వ విమానాలు ఇక్కడే ఉండేవి. యుద్ధ విమానాల దళం కూడా ఉండేది. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి జర్మన్ జిగ్మండ్ యేన్ ఆ దళంలో పనిచేసినవాడే. 1978 ఆగస్టులో సోవియట్ సోయుజ్ నౌకలో వెళ్లొచ్చాడు. ఆరేళ్ల తరవాత, 1984లో మన రాకేశ్‌ శర్మ రోదసిలోకి వెళ్లింది కూడా ఇతర దేశాల వాళ్ల కోసం సోవియట్ యూనియన్ చేపట్టిన అదే ఇంటర్‌కాస్మోస్ కార్యక్రమంలోనే.

ఆ ఒక్కటీ ఎలా తిరిగొచ్చింది?

1989లో బెర్లిన్ గోడ కూలింది. మరుసటేడు రెండు జర్మనీలూ ఒక్కటయ్యాయి. ఊరు మళ్లీ పాత పేరు పెట్టుకుంది. 1991 జనవరి 1 నుంచి మార్క్స్‌వాల్డె తిరిగి నాయ్‌హార్డెన్‌బర్గ్ అయింది. పేరు మార్చడం తేలికే. మరి ఇల్లో?

తూర్పున ఆస్తులు పోగొట్టుకున్న వేలాది పాత జమీందారీ కుటుంబాలు అప్పట్లో ఆశగా ఎదురుచూశాయి. కానీ ఏకీకరణ ఒప్పందంలో ఓ గట్టి నిబంధన ఉంది. 1945 నుంచి 1949 దాకా సోవియట్ పాలనలో తీసుకున్న ఆస్తులను వెనక్కి ఇవ్వరు. రాజ్యాంగ న్యాయస్థానం కూడా 1991లో ఆ నిబంధన సరైనదేనంది. యాభై ఏళ్లుగా ఆ పొలాల్లో, ఆ ఇళ్లలో వేరేవాళ్లు బతుకుతున్నారు. ఒక అన్యాయాన్ని సరిదిద్దబోయి మరొకటి చేయడం సరికాదన్న వాదనకు చాలా బలం ఉంది. పోగొట్టుకున్నవాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. ఆ చర్చ జర్మనీలో ఏళ్ల తరబడి సాగింది.

హార్డెన్‌బర్గ్ కుటుంబం విషయంలో మాత్రం ఓ తేడా ఉంది. 1933 నుంచి 1945 దాకా నాజీల వేధింపుల వల్ల ఆస్తి కోల్పోయినవాళ్లకు దాన్ని తిరిగి కోరే హక్కుంది. ఈ ఇంటిని మొదట లాక్కున్నది నాజీలు. అందుకే 1996లో దివాణం ఆ కుటుంబానికి తిరిగి దక్కింది. 1944లో ఏ పని చేసినందుకైతే కార్ల్ హాన్స్ ఇల్లు పోగొట్టుకున్నారో, అర్ధశతాబ్దం తరవాత వారసులకు అది తిరిగి రావడానికి కారణం కూడా అదే అయింది. పొరుగు ఊళ్లలోని అలాంటి దివాణాలెన్నో పాత యజమానులకు దక్కనేలేదు. ఆస్తి పోతుందనీ ప్రాణం పోతుందనీ తెలిసి చేసిన పని అది. ఏదో ఒకనాటికి పిల్లలకు ఇల్లు దక్కుతుందన్న లెక్క అందులో ఎక్కడుంటుంది!

చిన్న పొదుపులు... పెద్ద దివాణం

ఇల్లు చేతికి వచ్చింది, సరే. అంత భవనాన్నీ తోటనూ మళ్లీ నిలబెట్టడం ఒక కుటుంబం వల్ల అయ్యే పనా? 1997లో జర్మనీ పొదుపు బ్యాంకుల సమాఖ్య దాన్ని కొనుగోలు చేసింది. జర్మనీలో దాదాపు ప్రతి ఊళ్లోనూ ఎర్రటి గుర్తుతో కనిపించే 'స్పార్కాసె'ల ఉమ్మడి సంస్థ అది. చిన్న ఉద్యోగులూ కూలీలూ జీతంలో మిగిల్చింది దాచుకునే బ్యాంకులవి. దొరల ఇల్లు అలా సామాన్యుల బ్యాంకుల ఇల్లయింది.

నాలుగైదేళ్లు మరమ్మతులు సాగాయి. షింకెల్ నాటి రూపాన్ని చెడగొట్టకుండా, కొత్త అవసరాలకు పక్కన కొత్త భవనాలు కట్టారు. 2002 మేలో దేశాధ్యక్షుడు యోహానెస్ రావ్ చేతుల మీదుగా తలుపులు తెరుచుకున్నాయి. నాయ్‌హార్డెన్‌బర్గ్ అప్పట్నుంచీ ఒక సాంస్కృతిక కేంద్రం. ట్రస్టు ఆధ్వర్యంలో చిత్రకళా ప్రదర్శనలు, సంగీత కచేరీలు, నాటకాలు, పుస్తక పఠనాలు, రాజకీయ చర్చలు నడుస్తుంటాయి. ఒకప్పుడు చలికి తట్టుకోలేని మొక్కల్ని దాచిన అద్దాల మందిరంలో ఇప్పుడు పాటకచేరీలు వినిపిస్తాయి. దివాణం పక్కనున్న భవనాల్లో హోటల్ గదులున్నాయి. ఎస్టేటువారి సారా బట్టీ భోజనశాలగా మారింది. బెర్లిన్ నుంచి శని ఆదివారాలు గడపడానికి వచ్చేవాళ్లు కొందరు, పెళ్లిళ్లకూ సమావేశాలకూ వచ్చేవాళ్లు ఇంకొందరు. తోటలో తిరగడానికి ఊరివాళ్లు ఎలాగూ ఉంటారు.

2003 జూన్‌లో ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ తన మంత్రివర్గాన్ని మొత్తం ఇక్కడికి తీసుకొచ్చి సమావేశపరిచారు. పన్నుల తగ్గింపును అనుకున్నదానికన్నా ముందుకు జరపాలన్న నిర్ణయం ఇక్కడే జరిగింది. సంస్కరణల ఛాన్సలర్ కట్టించిన ఇంట్లో మరో ఛాన్సలర్ సంస్కరణల గురించి చర్చించడం అప్పట్లో పత్రికలకు మంచి ముచ్చట.

సైనిక విమానాశ్రయం రూపు కూడా మారిపోయింది. యుద్ధ విమానాలు లేచిన ఆ మైదానంలో 2012లో సౌరవిద్యుత్ ఫలకాలు పరిచారు. 145 మెగావాట్ల ఆ కేంద్రం అప్పటికి ఐరోపాలోని అతి పెద్దవాటిలో ఒకటి.

తిరిగొచ్చిన మనిషి

ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు చివరికి చేరేది చర్చికే. లోపల బలిపీఠం వెనక ఛాన్సలర్ హార్డెన్‌బర్గ్ గుండె ఉంది. రాజ్యాన్ని నిలబెట్టినందుకు ఊరునే బహుమతిగా అందుకున్న మనిషి ఆయన.

బయట, వంశం వాళ్ల సమాధుల దగ్గర కార్ల్ హాన్స్ అస్థికలున్నాయి. 1958లో పశ్చిమాన కన్నుమూసిన ఆయన, దేశం ఒక్కటయ్యాక గానీ సొంతూరికి చేరలేకపోయారు. ఆయనకు రాజ్యం ఏ బహుమతీ ఇవ్వలేదు. ఉన్నది తీసుకుంది, అది కూడా రెండుసార్లు.

సాయంత్రం కచేరీకి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు దివాణంలోకి వెళ్లబోతూ ఆ సమాధుల ముందు కాసేపు ఆగుతారు. పిల్లలెవరైనా 'ఈయనెవరు?' అని అడిగితే, పెద్దవాళ్లు ఆ తెల్లటి భవనాన్ని చూపిస్తారు. అక్కణ్నుంచి చెప్పుకుంటూ వస్తే కథ చాలా పొడవు. కచేరీ మొదలయ్యేలోగా పూర్తికాదు.